పేవర్ బ్లాకులు గోడ దాకా మూసెయ్యాలా, జానెడు వదలాలా?

పర్లాకిమిడి వాసి: రెండేళ్ళ కిందట ఇంటి చుట్టూ పేవర్ బ్లాకులు పరిపించాం, గోడకి ఆనించి, సందు లేకుండా. ఈ వానలకి పడమటి గోడ లోపల అడుగున్నర ఎత్తు దాకా పెయింటు పెచ్చులూడి, తెల్లటి ఉప్పు పొంగింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కూడా ఈ గోడకి చెమ్మ రాలేదు. ఒక మేస్త్రి బ్లాకుల మీద సిమెంటు పోసి గోడతో కలిపేద్దాం అంటున్నాడు. ఇంకొకాయన గోడ వార జానెడు తవ్వి కంకర నింపుదాం అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బరంపురం మేస్త్రి: ఇద్దరినీ ఆపండి బాబూ. గోడకి రెండడుగుల దూరంలో ఒక బకెట్ నీళ్ళు పోసి ఎటు నడుస్తాయో చూడండి. నాలుగడుగులకి అంగుళం చొప్పున బయటికి వాలు ఉండాలి. గోడ వారన ఉండేది పునాది గోతిలో తిరిగి నింపిన మట్టి. దాన్ని సరిగ్గా దిమ్మిస కొట్టకపోతే ముందు కుంగేది అక్కడే. అప్పుడు మీ బ్లాకులే నీళ్ళని గోడకి మోసుకొస్తాయి.

ధర్మాబాద్ అన్న: నేను సిమెంటు వైపే. మాది నల్లరేగడి. ఆ కంకర కాలువ ఇక్కడ తవ్వితే నీళ్ళు ఇంకక అందులోనే నిలుస్తాయి. నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత బీటలిస్తుంది, దాంతో పునాది కదులుతుంది. మేము మూడడుగుల చప్టా పోసి అంచున మోరీ కట్టుకున్నాం.

బరంపురం మేస్త్రి: రేగడికి మీ పద్ధతే సరి అన్నా. కాకపోతే గోడకీ చప్టాకీ మధ్య అర అంగుళం వదిలి తారు నింపాలి. కలిపి పోస్తే ఇల్లొక తీరుగా, చప్టా ఒక తీరుగా కుంగుతాయి. మధ్యలో బీట వస్తుంది, నీళ్ళకి అదే దారి.

రాయగడ అక్క: అందరూ నేల చూస్తున్నారు, పైకి చూడరేం? మా ఇంట్లో రెండుసార్లు తవ్వించాక తెలిసింది, డాబా నీళ్ళ పైపు మలుపు దగ్గర విరిగి వాననీళ్ళన్నీ పునాదిలోకే పోతున్నాయని. ఇంకో మాట తమ్ముడూ, బ్లాకులు వేసేముందు పాత నేల తవ్వించావా, దాని మీదే పరిచేశారా? బయటి నేల డీపీసీ (చెమ్మ పైకెక్కకుండా పునాదికీ గోడకీ మధ్య వేసే పొర) కంటే కనీసం ఆరంగుళాలు కిందికి ఉండాలి. అది దాటితే చెమ్మ తిన్నగా ఇటుకలోకే ఎక్కుతుంది.

పర్లాకిమిడి వాసి: బకెట్ పోశాను. నీళ్ళు కాసేపు ఆగి, సన్నటి పాయగా గోడ వైపే తిరిగాయి. పైపు బాగానే ఉంది. అక్క అడిగాక మెట్లు లెక్కపెట్టాను. ఇల్లు కట్టినప్పుడు వాకిట్లో మూడు మెట్లు, ఇప్పుడు రెండే కనిపిస్తున్నాయి. ఒకటి బ్లాకుల కింద కలిసిపోయింది! ఇన్నాళ్ళూ దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నాం.

బరంపురం మేస్త్రి: అయితే కంకరా వద్దు, సిమెంటూ వద్దు. ముందు బ్లాకులు లేపి మట్టి తీయించండి. దగ్గరుండి మట్టం పట్టించండి. పక్కింటి గోడ మీదికి మాత్రం వాలు పెట్టకండి.

ధర్మాబాద్ అన్న: మట్టి తీశాక రేగడి తేలితే చప్టానే పోయించు తమ్మీ.

పర్లాకిమిడి వాసి: మాది ఎర్రమట్టే అన్నా. ఆదివారం లేపుతున్నాం. ఇంకో చిక్కు ఉంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు కదా, వీధి కాలువ ఇప్పుడు మా వాకిలి కంటే ఎత్తు. నేల ఇంకా దించితే నీళ్ళు ఎటు పంపాలో ఎవరైనా చెప్పండి.