టెక్సస్‌లో పత్రాలు లేని పిల్లలకు లోకల్ ఫీజు: తీసేయడం సబబేనా?

ఫ్రిస్కో నాన్న: 2025 జూన్ 4న అమెరికా కేంద్ర ప్రభుత్వం టెక్సస్ రాష్ట్రం మీద కేసు వేసింది. అదే రోజు రాష్ట్రం ఒప్పుకుంది, అదే రోజు జడ్జి 2001 నాటి కాలేజీ ఫీజు రాయితీ చట్టాన్ని ఆపేశారు. అమెరికాలో ఉండటానికి పత్రాలు లేని పిల్లలకు ఇక లోకల్ ఫీజు, అంటే రాష్ట్రవాసులు కట్టే తక్కువ ఫీజు, లేదు. నాకు సబబే అనిపించింది. మనం హెచ్1బీ ఉద్యోగ వీసా మీద పన్నులు కడుతూ గ్రీన్ కార్డు క్యూలో ఏళ్లకేళ్లు ఉంటాం. మన పిల్లలకు 21 నిండితే మన మీద ఆధారపడి వచ్చిన హెచ్4 వీసా పోతుంది. క్యూలో ఉన్నవాళ్ల గతే ఇదైతే, క్యూలోకే రానివాళ్లకు రాయితీ ఏంటి?

ప్లానో అక్క: నాన్నగారూ, ఆ చట్టం వీసా అడగలేదండీ. ఇక్కడ హైస్కూల్ పాసయ్యారా, అంతకుముందు మూడేళ్లు ఇక్కడే ఉన్నారా అని చూసింది. ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారిన మన పిల్లలకూ అదే దారి. పత్రాలు లేనివాళ్లైతే, అర్హత రాగానే గ్రీన్ కార్డుకి అప్లై చేస్తామని అఫిడవిట్ కూడా ఇవ్వాలి. వాళ్లకు ఫెడరల్ గ్రాంటు లేదు, ఫెడరల్ లోన్ కూడా లేదు. ఆ చట్టం మీద సంతకం పెట్టింది అప్పటి గవర్నర్ రిక్ పెర్రీ, రిపబ్లికన్! రెండేళ్ల వయసులో వచ్చిన పిల్ల ఏ క్యూలో నిలబడాలో మీరే చెప్పండి.

లా పాయింట్: టెన్షన్ పడకుండా 1996 ఫెడరల్ చట్టం చూడండి. రాష్ట్రంలో నివాసం ఉన్నారన్న కారణంతో పత్రాలు లేనివాళ్లకు రాయితీ ఇస్తే, అది వేరే రాష్ట్రాల పౌరులకూ దక్కాలి. కాలిఫోర్నియా తన రాయితీని నివాసానికి కాక హైస్కూల్ చదువుకి ముడిపెట్టింది. అక్కడ చదివి వేరే రాష్ట్రానికి వెళ్లిన పౌరుడికీ ఇస్తుంది. అందుకే 2010లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో నిలిచింది. టెక్సస్ చట్టం నివాసం అనే రాసుకుంది, అదే దాని బలహీనత. అయినా కోర్టులో ఎవరూ వాదించలేదు. కాపాడాల్సిన రాష్ట్రమే చేతులెత్తేసింది.

ఫ్రిస్కో నాన్న: వాదన లేని తీర్పు నాకూ నచ్చలేదు. కానీ ఫ్లోరిడా 2025లో తన శాసనసభలోనే ఓటేసి తన 2014 రాయితీని తీసేసింది. దానికేమంటారు?

ప్లానో అక్క: ఓటేసినవాళ్లని కనీసం నిలదీయొచ్చు. ఇక్కడ నిలదీయడానికి ఎవరున్నారు? 1982లో అమెరికా సుప్రీంకోర్టు, అదీ టెక్సస్ కేసులోనే, ఈ పిల్లలకు బడి మూసేయకూడదంది. పన్నెండో క్లాసు దాకా ప్రభుత్వ డబ్బుతో చదివించి, ఇప్పుడు బయటి రాష్ట్రాలవాళ్ల ఎక్కువ ఫీజు అడిగితే వాళ్లు కాలేజీ మానేస్తారు. పన్నులు కట్టేది మనమే కదా, ఇందులో మనకు మిగిలేదేంటో లెక్క చెప్పండి.