హెల్మెట్ బిగుతుగా ఉండాలా, కాస్త వదులుగా ఉంటేనే మంచిదా? తేల్చండి

కాలవగట్టు (పాలకొల్లు):

ఈ గొడవ మా ఇంట్లో నాలుగు రోజులుగా నడుస్తోంది. ఇక్కడ పెడితేనైనా తేలుతుందేమోనని రాస్తున్నాను.

పోయిన వారం ఆచంట వైపు నుంచి వస్తున్నాను. దాళ్వా కోతలు కదా, గట్టు రోడ్డు మలుపులో ధాన్యం ఆరబోశారు. గింజల మీద ముందు చక్రం జారింది. స్పీడు ముప్పై కూడా లేదు. నేను రోడ్డు మీద, బండి నా కాలి మీద, హెల్మెట్ కాలవలో! లేచి మోచేయి చూసుకునేసరికి అది గుర్రపుడెక్క మధ్య వెల్లకిలా తేలుతోంది, కొబ్బరి చిప్పలా. కర్రతో లాగి చూశాను. బెల్టు క్లిప్పు పెట్టింది పెట్టినట్టే ఉంది. తల అందులోంచి ఎప్పుడు బయటికొచ్చిందో నాకు తెలీదు. నేలకి తగల్లేదు, అంతే నా అదృష్టం.

అది బండి కొన్నప్పుడు షోరూమ్‌లో ఇచ్చిన హెల్మెట్. అప్పుడు నా తల కొలత ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఐదేళ్ళుగా అదే.

మా నాన్నగారి వాదన: "వదులుగా ఉండబట్టే ఊడొచ్చింది, నీ మెడ దక్కింది. బిగుసుకుని ఉంటే మెడ విరిగేది." మా బావమరిది వాదన: "ఆ హెల్మెట్ కంటే తలకి తువ్వాలు చుట్టుకోవడం నయం." కొత్తది కొనాలి. బిగుతువి పెట్టి చూస్తే పది నిమిషాల్లో ఉక్కిరిబిక్కిరైపోతున్నాను. ఎవరిది రైటు?

రావులపాలెం_అరటిగెల:

మీ నాన్నగారిదే రైటండి. మెడ సంగతి నాకు తెలీదు గానీ, వదులు విషయంలో ఆయన మాటే నా మాట. మొదట హెల్మెట్ అనేది తల మీద ఉండాలి కదా. పోయినేడు మా వాడెవరో చెప్పాడని బిగుతైంది కొన్నాను. రెండు వేలు పోశాను. అది ఇప్పుడు మా వసారాలో మేకుకి వేలాడుతోంది. ఆ సైజుకి పైది రోజూ పెట్టుకుంటున్నాను, హాయిగా ఉంది. హైదరాబాదు వాళ్ళకీ బెంగళూరు వాళ్ళకీ బిగుతు బాగానే ఉంటుంది. మన ఉక్కలో, చెమటలో, తోట నుంచి యార్డుకి మూడు కిలోమీటర్లకి ఎందుకండి అంత బిగింపు? పెట్టుకోని మంచి హెల్మెట్ కంటే పెట్టుకునే వదులు హెల్మెట్ మేలు. ఆయ్.

లా_పాయింట్:

చిన్న మాట. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లోనే హెల్మెట్‌ని పట్టీతో తలకి గట్టిగా బిగించుకోవాలని ఉంది. నెత్తిన పెట్టుకుంటే చాలని కాదు. 2019 సవరణ తర్వాత ఫైను 1000 రూపాయలు, లైసెన్సు 3 నెలలు పోతుంది కూడా. వదులా బిగుతా అన్నది మాత్రం మీరూ మీరూ తేల్చుకోండి.

క్యాజువాలిటీ_నైట్‌డ్యూటీ:

కాలవగట్టు గారూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పి ఈ ముక్క కూడా చెప్పండి. హెల్మెట్ వల్ల మెడ విరుగుతుందన్న మాట నేను డ్యూటీలో వారానికి ఒకసారైనా వింటాను. ఎక్కువగా హెల్మెట్ లేకుండా వచ్చినవాళ్ళ బంధువుల నోట. ప్రపంచం మొత్తం మీద జరిగిన అధ్యయనాలన్నీ ఒకచోట వేసి చూసిన కాక్రేన్ సమీక్ష 2008లో వచ్చింది. హెల్మెట్ ఉంటే చావు ప్రమాదం 42 శాతం, తలకి గాయమయ్యే ప్రమాదం 69 శాతం తగ్గుతుందని అందులో లెక్క. మెడకి హాని పెరుగుతుందని మాత్రం తేలలేదు.

ఇంకోటి. కింద పడ్డప్పుడు దెబ్బ ఒక్కటే అనుకోకండి. బండి మీంచి పడతాం, ఒకసారి తగులుతుంది, దొర్లుతాం, అప్పుడు ఇంకోసారి తగులుతుంది. మొదటి దెబ్బకే హెల్మెట్ ఎగిరిపోతే రెండోదానికి మీ దగ్గర ఏముంది? మీకు రెండోది రాలేదు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

అంబాజీపేట_కురిడీ:

మా వ్యాపారం భాషలో చెప్తాను. కొబ్బరికాయ అంత ఎత్తు నుంచి పడ్డా లోపల పెంకు పగలదు. ఎందుకంటే పైనున్న పీచు డొక్క పెంకుని నాలుగు పక్కలా పట్టుకుని ఉంటుంది, పడ్డప్పుడు నలిగేది డొక్క. అదే కురిడీ కాయని చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల గుండు గటగటమంటుంది. వదులు హెల్మెట్‌లో మీ బుర్ర అంతే. రోడ్డు హెల్మెట్‌ని ఆపుతుంది సరే, తలని ఎవరు ఆపుతారు? ఖాళీలో అదే వేగంతో వెళ్ళి లోపల గోడకి కొట్టుకుంటుంది. అరటిగెల బాబాయ్, మీ గెలలకి ఎండుటాకు చుట్టి లారీలో సర్దేటప్పుడు సందు వదుల్తారా?

రావులపాలెం_అరటిగెల:

గెలకి చెమట పట్టదు కదా అబ్బాయ్!

భీమవరం_హెల్మెట్‌కొట్టు:

ఇందాకటి నుంచి చదువుతున్నాను. రోజూ చేసే పని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

కొట్టుకి వచ్చినవాళ్ళు ముందు రంగు అడుగుతారు, తర్వాత రేటు. సైజు అడిగేవాళ్ళు పదిమందిలో ఒకరు. దర్జీ టేపు ఉంటే చాలు. కనుబొమ్మలకి ఒక వేలు పైన మొదలుపెట్టి, చెవుల పైనుంచి, వెనక తల బాగా ఉబ్బుగా ఉన్నచోట చుట్టి తేవాలి. టేపు లేకపోతే నూలు దారం చుట్టి స్కేలు మీద పెట్టుకోండి. రెండు మూడుసార్లు కొలిచి పెద్ద కొలత తీసుకోండి. మన కంపెనీల హెల్మెట్ల మీద 560, 580, 600, 620 అని మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. 58 సెంటీమీటర్లు వస్తే 580, దాన్నే మీడియం అంటాం.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. ఒకే 58 ఉన్న ఇద్దరి తలలు ఒకలా ఉండవు. ఒకరిది బంతి లాంటి తల. ఇంకొకరిది ముందు నుంచి వెనక్కి సాగిన తల, కోడిగుడ్డులా. గుడ్డు తలవాడు గుండ్రటి హెల్మెట్ పెడితే నుదురు నొక్కేస్తుంది, చెవుల పైన మాత్రం ఖాళీ. బంతి తలవాడు పొడుగు హెల్మెట్ పెడితే కణతలు నొప్పి, నుదుటి దగ్గర ఖాళీ. ఇద్దరూ "బిగుతుగా ఉందండి, పై సైజు ఇవ్వండి" అనే అంటారు. పై సైజు ఇస్తే నొప్పి పోతుంది, పట్టు కూడా పోతుంది. అరటిగెల గారు, మేకుకి వేలాడుతున్న మీ రెండు వేలది బిగుతు కాదేమో, మీ తల ఆకారానిది కాదేమో. అలాంటప్పుడు సైజు మార్చకూడదు, మోడల్ మార్చాలి.

పెట్టి చూసే పద్ధతి: రెండు పక్కల బెల్టు పట్టుకుని బయటికి లాగుతూ దించండి. దిగేటప్పుడు చెవులు కాస్త ఒరుసుకుంటాయి, కంగారు పడకండి. దిగాక బుగ్గలు నోట్లో బూరె కుక్కుకున్నట్టు ఉండాలి. కొత్తలో అలాగే ఉంటుంది, వాడేకొద్దీ లోపలి మెత్తలు అణుగుతాయి. కొత్తప్పుడే హాయిగా ఉన్నది ఆరు నెలలకి వదులైపోతుంది. ఇప్పుడు హెల్మెట్‌ని చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. నుదుటి చర్మం, బుగ్గలు దాంతోపాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే పెద్దదన్నమాట. తర్వాత బెల్టు బిగించి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్ళు పట్టేలా చూసుకుని, వెనక అంచు కింద వేళ్ళు పెట్టి పైకీ ముందుకీ ఎత్తమని పక్కవాడికి చెప్పండి. కళ్ళ మీదికి దొర్లిందా, అది మీది కాదు. కాలవగట్టు గారికి జరిగింది ఇదే అనుకుంటాను. క్లిప్పు ఊడక్కర్లేదు, వెనక నుంచి దొర్లి తల జారిపోతుంది.

ఆఖరుకి, తీసేయమని తొందర పెట్టే కొట్టువాడి దగ్గర కొనకండి. ఇరవై నిమిషాలు ఉంచుకోండి. తీశాక అద్దంలో చూడండి. నుదుటి మీద ఒకేచోట ఎర్రగా చార పడితే వద్దు. ముఖమంతా సమానంగా నొక్కిన గుర్తులైతే పర్లేదు.

స్కూటీ_టీచర్ (అమలాపురం):

మగవాళ్ళందరూ మాట్లాడేశారు, జడ సంగతి ఎవరికీ పట్టలేదు! ముడి వేసుకుని హెల్మెట్ పెడితే అది వెనక ఎత్తుకుని కళ్ళ మీదికి వస్తుంది. కింద పడితే లోపలున్న ఇనప క్లిప్పు తలలోకి దిగుతుంది. నేను బడికి వెళ్ళేటప్పుడు జడ కిందికి వదిలేసి, హెల్మెట్ తీశాకే ముడి వేసుకుంటాను. పూలు స్టాఫ్ రూమ్‌లో పెట్టుకుంటాను. ఎలా దువ్వుకుని బండెక్కుతామో అలాగే వెళ్ళి కొలిపించుకోవాలి.

కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఇంకో చిట్కా. హెల్మెట్ పెట్టాక జోడు తొడిగి చూడండి. కాడలు కణత మీద నొక్కితే రావులపాలెం వెళ్ళేసరికి తలనొప్పి ఖాయం.

ఇంకొకటి కూడా. మావారు ముందు కూర్చుని మంచి హెల్మెట్ పెట్టుకుంటారు, వెనక కూర్చునే నాకు ఆయన పాతది. ఇది మా ఇంట్లోనేనా, అందరి ఇళ్ళలోనా?

రొయ్యల_చెరువు (ఉండి):

అందరి ఇళ్ళలోనే టీచర్ గారూ. నాది సగం హెల్మెట్ కాదు, ఫుల్ ఫేస్. రాత్రి పూట ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మిషన్లు) తిరుగుతున్నాయో లేదో చూడ్డానికి చెరువుల మీదికి వెళ్తాను. లైట్ల చుట్టూ ఉండే పురుగు ఒక్కటి కంట్లో పడితే బండి బోదెలోకే. నల్లగ్లాసు మాత్రం రాత్రికి వద్దు.

రావులపాలెం_అరటిగెల:

ఫుల్ ఫేసా! ఈ ఎండలో అది హెల్మెట్ కాదండి, ఇడ్లీ పాత్ర. కొట్టు గారు, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి. ఆకారం సంగతి నేను వినలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ చెమటకి మీ దగ్గర మందు లేదు కదా.

భీమవరం_హెల్మెట్‌కొట్టు:

ఉందండి, కొంత. చెమట పట్టేది బిగుతు వల్ల కాదు, గాలి ఆడక. ముందు గాలి లోపలికి పోయే రంధ్రాలూ, వెనక బయటికి వచ్చే రంధ్రాలూ రెండూ ఉన్నవి చూడండి. లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కునేలా ఉండాలి. మన వాతావరణంలో అది లేకపోతే నెల రోజులకి వాసనే పెద్ద శత్రువు. తెల్లది తీసుకోండి, నల్లదానంత వేడెక్కదు. పల్చటి కాటన్ టోపీ లోపల వేసుకోవచ్చు, కానీ కొనేటప్పుడే దాంతో కొలుచుకోండి. తువ్వాలు మడత పెట్టి లోపల కుక్కితే మాత్రం మెత్తలు వాటి పని చెయ్యవు. పెట్రోలుతో, థిన్నర్‌తో తుడవకండి, పైన చిప్ప పెళుసెక్కిపోతుంది.

ఐఎస్‌ఐ గుర్తు కూడా చూసుకోండి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ 4151 ప్రమాణానికి సరిపడని, ఆ గుర్తు లేని బండి హెల్మెట్లు అమ్మకూడదు. స్టిక్కర్ ఎవడైనా అతికిస్తాడు కాబట్టి దాని మీదున్న సీఎం/ఎల్ నంబరు, అంటే లైసెన్సు నంబరు, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి, ఆ లైసెన్సు ఎవరిదో చెప్పేస్తుంది. గుర్తుంది కదా అని సైజు వదిలేయకండి. పరీక్షలో హెల్మెట్‌ని తొడిగేది దాని సైజుకి సరిపోయే నమూనా తలకి, మీ తలకి కాదు.

అంబాజీపేట_కురిడీ:

అరటిగెల బాబాయ్, ఇంకో డౌటు. మూడు కిలోమీటర్లే అన్నారు. మీ తోటకీ యార్డుకీ మధ్య పదహారో నంబరు జాతీయ రహదారి దాటాలి కదా?

రావులపాలెం_అరటిగెల:

దాటాలి. సరే, మేకు మీద ఉన్నదాన్ని రేపు దించి ఆయన చెప్పినట్టు చూస్తాను. నుదురు నొక్కితే మోడల్ మారుస్తాను, సైజు పెంచను. కానీ రోహిణి కార్తెలో మీరందరూ బూరె బుగ్గలతో తిరుగుతున్నారో లేదో నేను చూస్తాను.

కాలవగట్టు (పాలకొల్లు):

ఆదివారం వెళ్ళి కొన్నాను. దారం చుడితే యాభై ఏడున్నర వచ్చింది. ఇన్నాళ్ళూ నా నెత్తి మీదున్నది 600! మొదట పెట్టిన 580 పది నిమిషాలకి నుదుటి మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ పెట్టింది. ఇదివరకటి నేనైతే అక్కడే 600 అడిగేవాణ్ణి. ఇంకో కంపెనీది 580 తెమ్మన్నాను. బుగ్గలు నొక్కింది గానీ నుదురు నొప్పి లేదు. బావమరిది వెనక నుంచి ఎత్తితే నేను లేచాను గానీ అది లేవలేదు. ఇంటికొచ్చి అదే పెట్టుకుని టీవీలో వార్తలు మొత్తం చూశాను. మా అమ్మాయి ఫొటో తీసి చుట్టాలందరికీ పంపింది.

ఉక్కగానే ఉంది, అబద్ధమెందుకు. ఆచంట వెళ్ళి వస్తే జుట్టు తడిసి ముద్దయింది. నాన్నగారు ఇంకా ఒప్పుకోలేదు. "మెడ జాగ్రత్త" అంటున్నారు.

పాతదాన్ని ఏం చెయ్యమంటారు? అది నీళ్ళలో పడింది గానీ పగల్లేదు. పాలేరుకి ఇద్దామంటోంది అమ్మ.

క్యాజువాలిటీ_నైట్‌డ్యూటీ:

వద్దు. మీ తల మీంచి ఊడింది ఆయన తల మీద నిలుస్తుందని ఏముంది? పైగా లోపలి థర్మోకోల్ ఒకసారి నలిగితే మళ్ళీ పొంగదు, పైకి కనపడదు కూడా. ఆయనకి కూడా కొలిచి కొత్తదే కొనివ్వండి. పాతదాని బెల్టు కోసేసి పారెయ్యండి, ఇంకెవరూ ఏరుకుని పెట్టుకోకుండా.

కాలవగట్టు (పాలకొల్లు):

బెల్టు కోసేశాను. పారెయ్యబోతే అమ్మ లాక్కుని గాదె కింద పెట్టి కోడిపెట్టని పొదగేసింది. అది కదలకుండా కూర్చుంది.

రావులపాలెం_అరటిగెల:

ఎన్ని గుడ్లు?

కాలవగట్టు (పాలకొల్లు):

ఏడు. సందు లేకుండా సరిపోయాయి.