నాది కాని యూడైస్ పని నా మెడకే ఎందుకు చుట్టుకుంది?

సుద్దముక్క: నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే స్కూల్ అసిస్టెంటును. యూడైస్ నమోదు, అంటే బడి, పిల్లల వివరాలను ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించే పని, నాకు అప్పగిస్తూ ఏ ఉత్తర్వూ లేదు. నాలుగేళ్ల కిందట మా హెచ్.ఎం. గారు పాస్‌వర్డ్ మరచి తంటాలు పడుతుంటే చూడలేక ఒక సాయంత్రం కూర్చుని పూర్తి చేశాను. అప్పటి నుంచి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ప్రవేశాల రిజిస్టరులో పొడి అక్షరంగా ఉండి ఏ పిల్లవాడికి అపార్ సంఖ్య (విద్యార్థి శాశ్వత గుర్తింపు సంఖ్య) రాకపోయినా అందరూ నా వైపే చూస్తున్నారు. ఎవరూ అడగకపోయినా, పని మిగిలితే నాకే నిద్ర పట్టదు. ఇలాంటి పనిని ఎవరినీ నొప్పించకుండా తిరిగి అప్పగించినవారు ఉన్నారా?

గోదారిగట్టు: నా గోడు మధ్యాహ్న భోజనంలోని గుడ్ల గురించి. వంట ఏజెన్సీ ఆమె రాని రోజున ఒకే ఒక్కసారి గరిటె పట్టుకున్నాను. ఇప్పుడు పప్పు పలుచనైనా తల్లులు నన్నే నిలదీస్తున్నారు. నేను చెప్పేది హిందీ!

సెక్షన్ 27: పద్దెనిమిదేళ్లుగా ఉపాధ్యాయ సంఘంలో ఉన్నవాడిగా చెబుతున్నాను. విద్యాహక్కు చట్టం, 2009లోని 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పని ఏదీ ఉపాధ్యాయునికి అప్పగించరాదు. రేపే మానేయండి.

అచ్చుతప్పు: క్షమించాలి, చట్టం నిషేధించినది విద్యేతర పనిని, బోధనేతర పనిని కాదు. పిల్లల నమోదు విద్యకు సంబంధించినదే అని అధికారి ఒక్క మాట అంటే మీ వాదన కూలిపోతుంది.

సెక్షన్ 27: మీవంటి పండితుల వల్లనే మన నెత్తిన ఇన్ని యాప్‌లు పడ్డాయి. అధికారుల తరఫున వాదించడానికి ఇక్కడికి వచ్చారా?

అచ్చుతప్పు: చట్టాన్ని చదవమన్నందుకే అధికారి మనిషినయ్యానా? పద్దెనిమిదేళ్లలో ఆ సెక్షన్‌ను ఒక్కసారైనా పూర్తిగా చదివి ఉండవలసింది.

ఇంటింటి బీఎల్‌ఓ: ఓటర్ల జాబితా సవరణను ఉపాధ్యాయులతో సెలవు రోజుల్లో, బోధన లేని దినాల్లో చేయించాలని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. అయినా బూత్ స్థాయి అధికారిగా నేను బడి వేళల్లోనే వీధులు తిరిగాను. నాకు కనీసం రాతపూర్వకమైన ఉత్తర్వు ఉంది. మీరు ఉత్తర్వు లేకుండానే చేస్తూ బాధపడటం నాకు అర్థం కావడం లేదు.

సుద్దముక్క: నేను అడిగింది చట్టం గురించి కాదు. ఆ పని నేను వదిలేస్తే నష్టపోయేది పిల్లవాడు, హెచ్.ఎం. గారు కాదు. నా చేతులు కట్టేస్తున్నది అదే.

విశ్రాంత హెచ్.ఎం.: అవతలి పక్షాన ఉన్నవాడిగా నిజం ఒప్పుకుంటాను. పని తెలిసినవారి చేతిలో పడిందంటే ఆ సంగతి మరచిపోవడమే మాకు సుఖం. మా బడిలో ఒక ఉపాధ్యాయురాలు సిబ్బంది సమావేశపు మినిట్స్ పుస్తకంలో యూడైస్ పని ఎవరిదో పేరు రాయమని పట్టుబట్టినప్పుడు నాకు కోపం వచ్చింది. తీరా కలం పట్టుకున్నాక ఆవిడ ఒక్కరి పేరే రాయడానికి సిగ్గనిపించి, తరగతుల వారీగా ముగ్గురికి పంచాను.

కొత్త ఎస్జీటీ: మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా రెండో తరగతి పాపకు ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుగా ఉంది. అపార్‌కు ముందుగా ఏది సరిచేయించాలి?

సుద్దముక్క: ముందు జనన ధ్రువపత్రంతో తల్లిదండ్రులను ఆధార్ కేంద్రానికి పంపండి. అది సరయ్యాక యూడైస్‌లో సరిచూడవచ్చు. అప్పటికీ కుదరకపోతే నాకు సందేశం పెట్టండి, రేపు భోజన విరామంలో చూస్తాను.