పనస చెట్టు కొట్టిస్తే దానికేమైనా తెలుస్తుందా?

మాది పర్లాకిమిడి. వెనక గది వేద్దామని పాత పనస చెట్టు కొట్టించబోతే మా నాన్నమ్మ ఒప్పుకోవట్లేదు, "దానికీ ప్రాణముంది, ఏడుస్తాది" అంటోంది. నేను నవ్వేశాను గానీ రాత్రి ఫోన్లో చదివాక టెన్షన్ పట్టుకుంది. అత్తిపత్తి కుండీలను 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే జారవిడిస్తే కాసేపటికి ఆకులు ముడవడం మానేసిందట, పడినా తనకేమీ కాదన్న సంగతి 28 రోజుల తర్వాత కూడా మరిచిపోలేదట, 2014లో మోనికా గాగ్లియానో అనే శాస్త్రవేత్త బృందం రాసింది. పురుగు ఆకును కొరికితే దెబ్బ తగిలిందని చెప్పే కాల్షియం సంకేతం నిమిషాల్లో మిగతా ఆకులకు పాకుతుందని 2018లో ఇంకొకరు చూపించారు. మరోపక్క లింకన్ టైజ్ లాంటి వృక్షశాస్త్రవేత్తలు, మెదడే లేనిదానికి స్పృహ ఎక్కడిదని 2019లో కొట్టిపారేశారు. నాకూ అదే సబబనిపిస్తోంది, అయినా గొడ్డలి మనిషికి ఇంకా ఫోన్ చేయలేదు.

నా డౌటల్లా ఇదే: నొప్పి తెలియకపోయినా చెట్టుకి అన్యాయం చేశాం అనొచ్చా? అలాగైతే రోజూ కోసే తోటకూర మాటేమిటి? బోటనీ గానీ ఫిలాసఫీ గానీ చదివినవాళ్లుంటే కాస్త చెప్పండి, నాన్నమ్మతో ఏమనాలో కూడా. పోనీ, చెట్టుని వదిలేసి గదిని పక్కకి జరిపి కట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, వేర్లతో పునాదికి ఇబ్బంది రాలేదా?