మొదటిసారి కాశీకి వెళ్లేవాళ్లు చలికాలంలో వెళ్లొచ్చా?

గోదారిగట్టు:
"కాశీకి చలికాలమే మంచిది" అని కనిపించిన ప్రతివాళ్లూ చెబితే సంక్రాంతి దాటగానే వెళ్లొచ్చాను. నేనైతే ఎవరికీ ఆ సలహా ఇవ్వను. అక్కడ ఘాట్లన్నీ తూర్పుముఖం. అవతలి ఒడ్డున ఊరు లేదు, ఇసుక మేటే. అందుకే పొద్దు నేరుగా నీళ్ల మీద పడుతుంది, మొదటిసారి వెళ్లేవాడు చూడాల్సింది అదే. నేను దశాశ్వమేధ ఘాట్ మెట్ల మీద నిలబడితే గంగే కనపడలేదు. తెడ్డు చప్పుడు, ఎవరిదో దగ్గు, పొగమంచులోంచి టీ కుర్రాడి కేక, అంతే. తొమ్మిది దాటినా సూర్యుడి జాడ లేదు. ఫొటోలన్నీ బూడిదరంగే!

ఓరుగల్లు బాటసారి:
అన్నా, మంచు లేని కాశీ కావాల్నంటే మే నెలల పో. 45 డిగ్రీల ఎండకు ఆ రాతి మెట్ల మీద కాలు పెట్టి చూడు. వానాకాలం గంగ పొంగితే మెట్లే మునుగుతయ్, ఘాట్ల వెంబడి నడిచే తొవ్వ ఉండదు, పడవలు బంద్. ఇగ మిగిలిందేంది? పైగా సైబీరియా దిక్కు నుంచి తెల్ల పక్షులొచ్చేది ఈ చలికే. పడవోళ్లు "ఆవో ఆవో" అని పిలుస్తూ సేవ్ (సన్న కారప్పూస) చల్లితే గుంపులుగా మీదికొస్తయ్. మలయ్యో కూడా చలికాలమే దొరుకుతది. కాచిన పాలను రాత్రంతా మంచులో ఆరుబయట పెట్టి, తెల్లారగట్ల చిలికి, ఆ నురగను కుంకుమపువ్వు కలిపి మట్టి కప్పుల ఇస్తరు. నోట్లె పెడితే మాయం. ఎండెక్కితే అదీ ఉండదు.

గోదారిగట్టు:
తిన్నానండీ, రెండు కప్పులు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

విశాఖ కోడలు:
మీరిద్దరూ చూడ్డానికి వెళ్లినవాళ్లు. మా అత్తగారికి కాశీ అంటే తెల్లవారుజామున గంగలో మునక. వేణ్నీళ్లు పెడతామన్నా వినరు. డెబ్భై దాటినవాళ్లు జనవరిలో ఆ నీళ్లలో దిగి, తడి చీరతో అన్ని మెట్లెక్కి, చెప్పుల్లేకుండా గుడి లైన్లో నిలబడటం మాటలా? పెద్దవాళ్లతో అయితే కార్తీకమే నయం. ఘాట్లన్నిటా దీపాలు పెట్టే దేవ్ దీపావళి జరిగే పున్నమి రోజులు మాత్రం వదిలేయండి, గది దొరకదు.

స్లీపర్ క్లాస్:
అసలు చిక్కు రైలుది. డిసెంబరు సగం నుంచి జనవరి ఆఖరుదాకా గంగా మైదానంలో గాలి కదలదు, నేల దగ్గరి తేమ చల్లబడి పొగమంచై అక్కడే కూర్చుంటుంది. ముందున్న సిగ్నల్ దగ్గరపడుతోందని ఇంజిన్‌లో జీపీఎస్ పరికరం చెబుతుంది గానీ, వేగం తగ్గించక తప్పదు, రైలు ఆలస్యమవుతుంది. కొన్ని రైళ్లను ముందే రద్దు చేస్తారు కూడా. దిగిన రోజే దర్శనం, ఆరతి పెట్టుకుంటే రెండూ పోతాయి. తిరుగు ప్రయాణానికీ ఒక రోజు వదులుగా ఉంచుకోండి.

ఓరుగల్లు బాటసారి:
గది తీసుకునేటోళ్లు గీజర్ ఉందా అని కాదు, పనిచేస్తదా అని అడుగుండ్రి.

గోదారిగట్టు:
అయితే ఫిబ్రవరి అనుకుందాం. చలి మిగిలే ఉంటుంది, మంచు పలచబడుతుంది, మలయ్యో కూడా కాస్తో కూస్తో దొరుకుతుంది. టికెట్ తీసేముందు మహాశివరాత్రి ఎప్పుడొచ్చిందో చూసుకోండి. ఆ వారం అయితే విశ్వనాథుడి లైన్‌ చూసి మళ్లీ నన్నే తిడతారు.