పర్సుయేడ్, కన్విన్స్, అర్జ్... మూడూ 'ఒప్పించు'నే కదా? ఐఈఎల్టీఎస్ రైటింగ్‌లో 6 దగ్గరే ఆగిపోయాను

పర్లాకిమిడి_సిస్టర్:

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, డ్యూటీలో రెండూ కలిపి, మధ్యలో డాక్టర్ల ఇంగ్లీషు. బరంపురంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. యూకేలో నర్సుగా చేరాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి ఇంగ్లీషు వచ్చని చూపించాలి. ఐఈఎల్టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తే రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లలో 7, రైటింగ్‌లో 6.5 బ్యాండు (మార్కు) రావాలి. ఆ మూడూ వచ్చీసాయి. రైటింగ్ 6. అర బ్యాండు కోసం మళ్లీ అంత ఫీజంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఆన్‌లైన్ కోచింగ్ వాళ్లు వారానికో మాటల పట్టిక పంపుతారు. ఈ వారం ఒప్పించడం, పాలుపంచుకోవడం. పక్కన తెలుగు అర్థాలు కూడా వేశారు, పెద్ద ఉపకారం చేసినట్టు. పర్సుయేడ్ అంటే ఒప్పించు, కన్విన్స్ అంటే ఒప్పించు, టాక్ ఇన్‌టూ అంటే ఒప్పించు. ఇన్వాల్వ్, ఎంగేజ్, పార్టిసిపేట్ అన్నిటికీ 'పాల్గొను'. నైట్ డ్యూటీల్లో కూర్చుని బట్టీ పట్టాను.

తర్వాత ఓ వ్యాసంలో ఉదాహరణగా మా వార్డు సంగతి రాశాను. కాశీనగర్ నుంచి వచ్చిన ఓ తాత, ఇన్సులిన్ సూది చూస్తే చాలు మంచం దిగి వరండాలోకి నడిచిపోయేవాడు. 'ఉయ్ పర్సుయేడెడ్ హిమ్, బట్ హి రెఫ్యూజ్డ్' అని రాశాను. దిద్దినాయన ఎర్రగీత కొట్టి 'అర్థం లేదు' అని వొగ్గేశారు. ఎందుకు లేదో చెప్పలేదు. జరిగిందే కదా రాశాను! మేం ఒప్పించాం, ఆయన ఒప్పుకోలేదు... ఏటో, తెలుగులో రాస్తుంటే నాకే తేడాగా ఉంది.

రాయగడ_మేష్టారు:

ఆ తేడా మీకే తెలిసిపోయిందమ్మా, ఇక నేను చెప్పేది కొంచెమే. 'ఒప్పించాను గానీ ఒప్పుకోలేదు' అని మనం అనం. 'నచ్చజెప్పాను గానీ వినలేదు' అంటాం. ఒప్పించడంలో ఫలితం కూడా కలిసి ఉంది, నచ్చజెప్పడంలో లేదు. ఒడియాలో బుఝేయిబా కూడా అంతే, అవతలివాడు విన్నదీ లేనిదీ చెప్పదు. పర్సుయేడ్‌లో పని అయిపోయినట్టే లెక్క. అర్జ్, అడ్వైజ్, ప్లీడ్ విత్, ఇవి మన వైపు ప్రయత్నాలు మాత్రమే. 'ట్రైడ్ టు పర్సుయేడ్' అని ఉంటే మీ తాత వరండాలోకి కాదు, కాశీనగర్ దాకా నడిచిపోయినా వాక్యానికి ఢోకా లేదు.

ఆ పట్టిక పక్కన పడేసి వార్డులో ఎవరు ఎలా మాట్లాడారో గుర్తు చేసుకోండి. డాక్టరు మరీ మరీ చెప్పింది అర్జ్. కూతురు కాళ్లావేళ్లా పడితే ప్లీడ్ విత్. 'తాతా, చీమ కుట్టినట్టుంటుందంతే' అని మీరు బుజ్జగించి వేయిస్తే కోక్స్. మాటల్లో పెట్టి సరేననిపిస్తే టాక్ ఇన్‌టూ. పక్క మంచం ఆయన 'వద్దురా, అలవాటైపోతుంది' అని మనసు విరిచేస్తే టాక్ ఔట్ ఆఫ్. దాని పెద్దమనిషి రూపం డిసుయేడ్. డిసుయేడ్ తర్వాత ఫ్రమ్, ఆపైన క్రియకి 'ఇంగ్' రావాలి. చాలామంది 'టు' పెట్టి పోగొట్టుకుంటారు.

కన్విన్స్ అసలు మనసులో నమ్మకం కలిగించడం. దాని వెనక 'ఆఫ్' గానీ 'దట్' గానీ వస్తుంది. పర్సుయేడ్ మనిషి చేత పని చేయిస్తుంది. ఈ రోజుల్లో 'కన్విన్స్ టు' కూడా వాడుకలోకి వచ్చేసింది, తప్పనరు. అయినా నాకు ఆ తేడా ఇష్టం. రోజూ నడవడం మంచిదని నేను ఎప్పుడో కన్విన్స్ అయ్యాను, నడవడానికి పర్సుయేడ్ చేసినవాడు ఇంతవరకూ లేడు.

గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. వాడుకలోంచి మాట నేర్చుకోమని మీకు నేను చెప్పడమేమిటి!

సిల్క్‌సిటీ_బాబు:

అప్పా, నాది బరంపురమే. రెండో సగం నేను చెప్తాను. రెండేళ్లకోసారి మన ఠాకురాణి యాత్ర, అదే అమ్మవారి జాతర, ఉంది కదా, అందులో ఈ మాటలన్నీ దొరికేస్తాయి. దేశిబెహరా వారింటికి అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు వచ్చినప్పుడు మా వీధంతా ఏదో పనిలో ఉంటుంది. నేను పులి వేషం కట్టాను, అది టేక్ పార్ట్ ఇన్. చూడ్డానికి వెళ్లిన మా బావని పట్టుకుని మంచినీళ్ల పని నెత్తిన పెట్టారు. పాపం, హి వాజ్ రోప్డ్ ఇన్. చెల్లి వేషాలు చూస్తూ ఫోను మోగినా ఎత్తలేదు, అది ఎంగ్రోస్డ్. ఎవరి దగ్గరైనా చందా లెక్క తేలకపోతే ఇంప్లికేటెడ్. ఈ మాటని మంచి పనికి వాడకూడదు. ఇన్వాల్వ్డ్ ఇన్ మాత్రం ఏర్పాట్లకీ చెల్లుతుంది, గొడవకీ చెల్లుతుంది.

ఇంకోటి. 'ఎంగేజ్డ్ ఇన్' అంటే పనిలో ఉండటం. 'ఎంగేజ్డ్ టు' అంటే నిశ్చితార్థం! మా ఫ్రెండు 'ఐ యామ్ ఎంగేజ్డ్ టు సోషల్ వర్క్' అని రాసి ట్యూషన్‌లో పెళ్లికొడుకైపోయాడు.

గ్రామర్_గురు99:

తెలుగులో ఆలోచించడం మానేస్తే గానీ బ్యాండు పెరగదు. ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు కొనుక్కోండి.

పాతపట్నం_టు_లెస్టర్:

గురూగారూ, నిఘంటువు కొనమనడం వరకూ బాగుంది. మొదటిది నేను ఒప్పుకోను. అదే ఒప్పించు–నచ్చజెప్పు తేడా ఆ అమ్మాయికి నిమిషంలో తెలిసింది తెలుగు వల్లే కదా.

సిస్టర్, మీకు ఏటి అవతల ఊరే నాది. ఇక్కడికొచ్చి నాలుగేళ్లయింది. నేనూ బరువైన మాటలు గుప్పించి రెండుసార్లు తన్నేశాను. రైటింగ్ మార్కుల్లో పదజాలానికి నాలుగో వంతే. అందులోనూ మాట ఎంత పెద్దదని కాదు, సరైన జతలో పడిందా అని చూస్తారు. టాస్క్ 2లో, అంటే వ్యాసంలో, రాయాల్సింది కనీసం 250 మాటలు. అందులో నలభై కొత్త మాటలు కుక్కితే వ్యాసం పెళ్లి సామాన్ల లారీలా ఉంటుంది. ఐదారు చాలు.

ఇక్కడ వార్డులో రోజూ వినబడేది ఒకటి చెప్తాను. 'ద ఫ్యామిలీ ఇన్వాల్వ్డ్' అంటే ఆ విషయంతో సంబంధం ఉన్న కుటుంబం. అదే ఇన్వాల్వ్డ్ ముందుకొచ్చి 'యాన్ ఇన్వాల్వ్డ్ ప్రొసీజర్' అయితే చిక్కుముడిలాంటి పని అని. చోటు మారితే అర్థమే మారిపోతుంది. కన్సర్న్డ్ కూడా అంతే. వెనకుంటే సంబంధించినవాళ్లు, ముందుంటే బెంగపడుతున్నవాళ్లు. మన ఆఫీసుల్లో 'కన్సర్న్డ్ ఆఫీసర్' అని రాస్తాం చూడండి, ఇక్కడివాళ్లు చదివితే ఆయనకేం దిగులో అనుకుంటారు.

పర్లాకిమిడి_సిస్టర్:

అందరికీ దణ్ణాలు. పట్టిక మడిచి డ్రాయర్లో పెట్టాను (చించడానికి మనసొప్పలేదు, డబ్బులిచ్చాను కదా). తాత సంగతి తిరగరాశాను: 'ద డాక్టర్ అర్జ్డ్ హిమ్, హిస్ డాటర్ ప్లీడెడ్ విత్ హిమ్, అండ్ ఫైనలీ హిస్ గ్రాండ్‌సన్ టాక్డ్ హిమ్ ఇన్‌టూ ఇట్.'

కానీ మేష్టారూ, ఒక అనుమానం. ఆ మనవడు నిజానికి ఏమీ మాట్లాడలేదు. తొమ్మిదేళ్ల గుంటడు. నా దగ్గర కొత్త లాన్సెట్ (షుగరు పరీక్షకి వేలు గుచ్చే చిన్న సూది) అడిగి తీసుకుని, తన వేలికి తనే టక్కున గుచ్చుకుని, ఆ రక్తపు చుక్క తాతకి చూపించి నవ్వాడు. తాత చొక్కా పైకెత్తేశాడు. మాటే లేనప్పుడు టాక్ ఇన్‌టూ అనొచ్చా?

రాయగడ_మేష్టారు:

అనకూడదమ్మా. అక్కడ పర్సుయేడెడ్ రాయండి.