పాత కంప్యూటర్ల మధ్య ఫైళ్లు, ఇంటర్నెట్ పంచుకోవడం: కొత్తగా వచ్చిన విద్యార్థి ప్రశ్న, సమాధానాలు

డెంటన్, టెక్సస్ నుంచి:

సభ్యులందరికీ నమస్కారం. పై చదువు కోసం ఈ మధ్యనే ఇక్కడికి వచ్చాను. గుంటూరు నుంచి తెచ్చుకున్న విండోస్ 7 ల్యాప్‌టాప్, ఇక్కడ తీసుకున్న విండోస్ 10 ల్యాప్‌టాప్ నా దగ్గర ఉన్నాయి. మా మేనమామ గారు ఇల్లు మారుతూ తమ పాత విండోస్ ఎక్స్‌పీ డెస్క్‌టాప్‌ను నాకు అప్పగించి, అందులోని కుటుంబ ఫోటోలను, తాతయ్య గారు టైపు చేయించుకున్న తెలుగు వ్యాసాలను జాగ్రత్త చేయమన్నారు. ఆ డెస్క్‌టాప్‌కు వైఫై లేదు కనుక దానిని విండోస్ 7 ల్యాప్‌టాప్‌కు నేరుగా కేబుల్‌తో కలిపాను. ఎక్స్‌పీలో "లిమిటెడ్ ఆర్ నో కనెక్టివిటీ" అని వస్తోంది. రెండింటిలోనూ ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే కాపలా) ఆపి చూసినా ప్రయోజనం లేదు. విండోస్ 10 నుంచైతే ఆ డెస్క్‌టాప్ జాడే తెలియడం లేదు. ఎక్స్‌పీకి ఇంటర్నెట్ కూడా పంచాలని ఉంది. దయచేసి దారి చూపగలరు.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

బాబూ, ముందుగా రెండు ఫైర్‌వాల్‌లనూ తిరిగి ఆన్ చేయండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. అటువంటి యంత్రానికి ఫైర్‌వాల్ తీసేస్తే సమస్య తీరకపోగా, ఉన్న కాస్త రక్షణ కూడా పోతుంది.

ఫైళ్లు పంచుకోవడం, ఇంటర్నెట్ పంచుకోవడం రెండూ వేరు వేరు పనులు. మీకు నిజంగా కావలసింది మొదటిదే కనుక, రెండవ దానిని ప్రస్తుతానికి పక్కన పెట్టి, కేబుల్, చిరునామా, అనుమతి అన్న వరుసలో కింది నుంచి పైకి చూసుకుంటూ రండి. ఒక మెట్టు సరిగా ఉందని తేలిన తరువాతే పై మెట్టును ముట్టుకోవాలి.

కేబుల్ గురించి ఎక్కువగా ఆలోచించనవసరం లేదు. రెండు పాత నెట్‌వర్క్ కార్డులను నేరుగా కలిపేటప్పుడు ఒకప్పుడు క్రాసోవర్ కేబుల్ (లోపలి తీగలను అటూ ఇటూ మార్చి కలిపినది) తప్పనిసరిగా ఉండేది. ఇప్పుడు ఏదో ఒక వైపు గిగాబిట్ పోర్టు ఉంటే సాధారణ కేబుల్‌తోనే పని జరుగుతుంది. పోర్టు దగ్గర దీపం వెలిగితే చాలు.

నా అనుమానమంతా చిరునామా మీద ఉంది. మన ఊళ్లలో కేబుల్ నెట్ ఆపరేటర్లు చాలామంది ల్యాప్‌టాప్ కేబుల్ పోర్టుకు ఒక స్థిరమైన ఐపీ చిరునామాను (నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే సంఖ్య), డీఎన్ఎస్‌ను (సైట్ల పేర్లకు చిరునామాలు వెతికిపెట్టే సర్వర్) చేత్తో రాసి వెళ్లేవారు. అది అలాగే మీతో సముద్రాలు దాటి వచ్చి ఉంటుంది. వైఫై దాని జోలికి పోదు కనుక ఇన్నాళ్లూ మీకు తెలియకపోవచ్చు. ఎక్స్‌పీ మాత్రం తనకు చిరునామా ఇచ్చేవారు ఎవరూ లేక 169.254తో మొదలయ్యే దానిని తానే తీసుకుంటుంది. మీరు చూస్తున్న ఆ సందేశానికి అర్థం అదే. ఒకరిది ఒక వీధి, మరొకరిది వేరొక వీధి అయినప్పుడు కేబుల్ ఎంత బాగున్నా పలకరింపు ఉండదు. రెండు యంత్రాల్లోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి చూస్తే విషయం తేలిపోతుంది. తరువాత విండోస్ 7 ల్యాప్‌టాప్ కేబుల్ పోర్టుకు 192.168.50.1, డెస్క్‌టాప్‌కు 192.168.50.2 ఇచ్చి, రెండింటికీ సబ్‌నెట్ మాస్క్‌గా (ఏ చిరునామాలు ఒకే వీధివో చెప్పే సంఖ్య) 255.255.255.0 రాయండి. గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే యంత్రం చిరునామా) గడిని ఖాళీగా వదిలేయండి. అక్కడ ఏదైనా రాస్తే ల్యాప్‌టాప్ ఇంటర్నెట్ కోసం వైఫైని వదిలి కేబుల్ వైపు చూసే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. గేట్‌వే లేని నెట్‌వర్క్‌ను విండోస్ 7 "గుర్తించని నెట్‌వర్క్"గా భావించి, బహిరంగ స్థలంలో ఉన్నట్టుగా తలుపులు మూసుకుంటుంది. అందువల్ల ఎక్స్‌పీ నుంచి ల్యాప్‌టాప్‌కు పింగ్ చేస్తే (ఆ యంత్రం పలుకుతోందో లేదో చూసే కమాండ్) జవాబు రాకపోవచ్చు. దానిని చూసి కంగారు పడకండి. ఎక్స్‌పీ ఫైర్‌వాల్ మినహాయింపుల జాబితాలో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌కు మాత్రం టిక్కు పెట్టి, ల్యాప్‌టాప్ నుంచే ఎక్స్‌పీకి పింగ్ చేయండి. జవాబు వస్తే, ల్యాప్‌టాప్‌లో రన్ పెట్టె తెరిచి \\192.168.50.2 అని కొట్టండి. పేరుతో వెతకవద్దు. ఎక్స్‌పీ హోమ్‌లో (ఇళ్ల కోసం వచ్చిన ఎక్స్‌పీ రకం) వర్క్‌గ్రూప్ పేరు, అంటే యంత్రాల గుంపు పేరు, మామూలుగా ఎంఎస్‌హోమ్ అనీ, విండోస్ 7లో వర్క్‌గ్రూప్ అనీ ఉంటుంది. ఈ తేడాను సరిచేయడంలో జనం పూటలు పూటలు గడుపుతారు, కానీ చిరునామా కొట్టి వెళ్లేవారికి దానితో పనే లేదు.

కేబుల్‌ను విండోస్ 10కు కలిపినా ఎక్స్‌పీ అందదు, దానికి కారణం వేరు. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకోవడానికి ఎక్స్‌పీకి ఎస్ఎంబీ 1 అనే పాత పద్ధతి ఒక్కటే తెలుసు. 2017 మేలో ప్రపంచమంతటా వ్యాపించిన వన్నాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఆ పద్ధతిలోని లోపం ద్వారానే పాకింది. అదే ఏడాది చివర్లో వచ్చిన 1709 వెర్షన్ నుంచి విండోస్ 10లో దానిని క్రమంగా తొలగిస్తూ వచ్చారు. దానిని తిరిగి ఆన్ చేయమని చాలామంది సలహా ఇస్తారు. మీరు రోజూ బ్యాంకు పనులు చేసుకునే ల్యాప్‌టాప్‌లో ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. మీ విండోస్ 7కు పాత పద్ధతీ తెలుసు, కొత్తదీ తెలుసు. కనుక ఫైళ్లను ఎక్స్‌పీ నుంచి విండోస్ 7లోకి, అక్కడి నుంచి విండోస్ 10లోకి తెచ్చుకోండి. రెండవ దశలో వైఫై మీద ఒక యంత్రానికి మరొకటి కనిపించకపోతే, మీ అపార్ట్‌మెంట్ ఉమ్మడి వైఫైలో అద్దెదారుల పరికరాలను ఒకదానికొకటి తెలియకుండా విడదీసి ఉండవచ్చు. అది మీ చేతిలో లేదు. బయటి హార్డ్ డిస్క్‌తో ఆ దశను ముగించండి.

ఇక ఇంటర్నెట్ విషయం. విండోస్ 7లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి షేరింగ్ ట్యాబ్‌లో టిక్కు పెడితే, కేబుల్ పోర్టు చిరునామా దానంతట అదే 192.168.137.1కి మారుతుంది. అప్పుడు ఎక్స్‌పీని "ఆటోమేటిక్"కు మార్చితే చాలు. కానీ అంతా సరిగా చేసినా పేజీలు తెరుచుకోవు. ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు నేటి సైట్లు అడిగే టీఎల్ఎస్ 1.2 (సైటుతో సమాచారాన్ని రహస్యంగా పంపుకునే పద్ధతి) తెలియదు. మీరేమో మళ్లీ కేబుల్‌నే అనుమానిస్తారు. ఆ యంత్రానికి ఇంటర్నెట్ ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం.

మెల్‌బోర్న్ నుంచి:

ఎడిసన్ వారు చెప్పినదానితో ఏకీభవిస్తూ రెండు మాటలు కలుపుతున్నాను. మీరు ఎప్పుడైనా విశ్వవిద్యాలయం హాస్టల్‌కు మారితే అక్కడ ఇంటర్నెట్ షేరింగ్ టిక్కును తప్పక తీసివేయండి. పొరపాటున తప్పు అడాప్టర్ మీద అది ఉంటే మీ ల్యాప్‌టాప్ పక్క గదులవారికి కూడా చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది, అందరి కనెక్షనూ చెడుతుంది. అటువంటి పరికరాన్ని నెట్‌వర్క్ నుంచి తొలగించడం అక్కడివారికి మామూలే.

రెండవది, అంతకంటే ముఖ్యమైనది, తాతయ్య గారి వ్యాసాల గురించి. అవి యూనికోడ్‌కు (ప్రతి అక్షరానికి అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంకేతం ఇచ్చే పద్ధతి) ముందు కాలపు అను, శ్రీలిపి వంటి ఖతులతో (ఫాంట్లతో) టైపు చేసినవైతే, ఫైళ్లు మాత్రమే తెచ్చుకుంటే విండోస్ 10లో తెలుగుకు బదులు అర్థం లేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనబడతాయి. అది చూసి ఫైలు పాడైందనుకుని తీసివేసినవారు ఉన్నారు. ఎక్స్‌పీలో విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ నుంచి ఆ ఖతులను మామూలు ఫోల్డర్‌లోకి కాపీ చేసి, వ్యాసాలతో పాటే తెచ్చుకోండి. యూనికోడ్‌లోకి మార్చడం నిదానంగా చేసుకోవచ్చు, కానీ డెస్క్‌టాప్ పాడైపోయాక ఆ ఖతులను వెతకడం చాలా కష్టం.

డెంటన్, టెక్సస్ నుంచి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కేబుల్ పోర్టులో 10తో మొదలయ్యే పాత చిరునామా అలాగే ఉంది. మార్చగానే పింగ్‌కు జవాబు వచ్చింది, ఫోటోలు దిగుతున్నాయి. అయితే మేనమామ గారి మై డాక్యుమెంట్స్ తెరవబోతే మాత్రం "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటోంది.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

మంచి కబురు. ఇప్పుడు మిగిలింది అనుమతి ఒక్కటే. వారు ఆ ఫోల్డర్‌ను ప్రైవేటుగా పెట్టుకుని ఉంటారు. ఎక్స్‌పీ హోమ్‌లో నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్రతివారూ అతిథి ఖాతాగానే లెక్క కనుక, మీకు పాస్‌వర్డ్ తెలిసినా కేబుల్ ద్వారా లోపలికి పోలేరు. వారిని ఫోన్‌లో పాస్‌వర్డ్ అడిగి, డెస్క్‌టాప్ ముందు కూర్చుని వారి ఖాతాలోకి వెళ్లి, కావలసినవాటిని షేర్డ్ డాక్యుమెంట్స్‌లోకి కాపీ చేయండి. తరలించవద్దు, కాపీ మాత్రమే చేయండి. తరువాత ల్యాప్‌టాప్ నుంచి వాటిని దింపుకోండి. పాత డిస్కులు ఎడతెగని కాపీకి మొరాయిస్తాయి కనుక కొద్దికొద్దిగా తీసుకుని, రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిపోయాయో లేదో ప్రతిసారీ చూసుకోండి. అంతా అందాక ఫైర్‌వాల్ మినహాయింపు తీసివేసి, విండోస్ 7 కేబుల్ పోర్టును "ఆటోమేటిక్"కు మార్చండి. వ్యాసాలన్నీ కొత్త ల్యాప్‌టాప్‌లో తెలుగులోనే తెరుచుకుంటున్నాయని మేనమామ గారు కూడా చూసి చెప్పేవరకు డెస్క్‌టాప్‌లోని వేటినీ చెరపకండి.